విభజిత పట్టికల్లో నమోదు వేగం: గోదావరిఖని గనుల దత్తాంశాల వెలుగులో ఒక వివరణ

వ్యాససంగ్రహం:

పెద్ద పట్టికను విభాగాలుగా విడగొడితే కొత్త వరుసల నమోదు దానంతటదే వేగవంతమవుతుందన్న అభిప్రాయం కంప్యూటర్ శాస్త్ర బోధనలో తరచుగా వినిపిస్తుంది. ఈ అభిప్రాయం పాక్షికంగానే నిజమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. విభజన వల్ల ఒక్కొక్క నమోదుకు అదనపు పని పడుతుంది. ఆ నమోదు తాకవలసిన సూచిక పుటల పరిధి తగ్గినప్పుడే లాభం కలుగుతుంది. గోదావరిఖని ప్రాంతపు బొగ్గుగనులలో అవసరమయ్యే రెండు రకాల దత్తాంశాలను, అంటే భూగర్భంలోకి దిగినవారి హాజరును, గాలిలోని మీథేన్ కొలతలను ఉదాహరణలుగా తీసుకొని విభజనాంశం ఎంపిక, సూచికల పరిమాణం, అర్ధరాత్రి దాటే పాళీలు, ఆలస్యంగా చేరే కొలతలు అనే అంశాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: డేటాబేస్, విభజిత పట్టిక, నమోదు, సూచిక, విభజనాంశం, గని హాజరు, మీథేన్, గోదావరిఖని.

1. ఉపోద్ఘాతం

పెద్దపల్లి జిల్లాలోని గోదావరిఖని, సింగరేణి కాలరీస్ కంపెనీ రామగుండం ఏరియాలకు కేంద్రస్థానం. తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉన్న ఈ సంస్థలో పని పాళీల లెక్కన సాగుతుంది. బొగ్గుబెల్టులో "మస్టర్ పడింది" అనే మాటకు ఆ రోజు పని లెక్కలోకి వచ్చిందని అర్థం. కార్మికుని వేతనం, సెలవులు, సర్వీసు అన్నీ ఆ ఒక్క నమోదు మీద ఆధారపడి ఉంటాయి.

అయితే గని హాజరుకు వేతనాన్ని మించిన ప్రయోజనం ఒకటుంది. భూగర్భంలో పనిచేసేవారి రిజిస్టరు ఏ క్షణంలోనైనా అప్పుడు లోపల ఉన్న ప్రతి వ్యక్తి పేరునూ చూపగలగాలని 1952 నాటి గనుల చట్టంలోని 48వ సెక్షన్ నిర్దేశించింది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిని నీరు ముంచెత్తి 17 మంది మరణించారు. అటువంటి ఘడియలో "లోపల ఎవరెవరు ఉన్నారు?" అన్నదే మొదటి ప్రశ్న. చట్టంలోని "ఏ క్షణంలోనైనా" అన్న పదాన్ని డేటాబేస్ పరిభాషలోకి తెస్తే, దిగిన మనిషి నమోదు ఆలస్యం లేకుండా పట్టికలో చేరాలని అర్థం. నమోదు వేగం కేవలం సాంకేతిక సౌలభ్యం కాదనడానికి ఇదే ఆధారం.

ఈ వ్యాసం ఏ సంస్థ వాడుతున్న సాఫ్ట్‌వేర్‌నూ సమీక్షించదు. గని అవసరాలను ఆధారం చేసుకొని, ఉదాహరణ కోసం ఊహించిన పరిమాణాలతో, విభజిత పట్టికలలో నమోదు ఎలా జరుగుతుందో వివరిస్తుంది.

2. ఒక నమోదు వెనుక జరిగే పని

పాతకాలపు షావుకారు బేరం జరిగిన వెంటనే ముందు చిట్టాలో రాసుకొని, ఆ తరువాత తీరికగా ఆవర్జాలోకి ఎక్కించేవాడు. నేటి డేటాబేస్ చేసే పని కూడా ఇదే. మార్పు వివరం ముందుగా చిట్టాలో వరుసగా చేరి, డిస్కు మీద భద్రమైన తరువాతే లావాదేవీ పూర్తయినట్లు లెక్క. పట్టిక పుటలు, సూచిక పుటలు మెమరీలో మారి, కొంత వ్యవధి తరువాత డిస్కుకు చేరుతాయి. ఈ వ్యవధిని తనిఖీ విరామం అనుకోవచ్చు.

పట్టికలో వరుసను చేర్చడం తేలికైన పని. ఖాళీ ఉన్న పుట చివర రాస్తే సరిపోతుంది. శ్రమంతా సూచికలది. పట్టికకు నాలుగు సూచికలు ఉంటే ప్రతి వరుసకూ నాలుగు చోట్ల సరైన స్థానం వెతికి రాయాలి. ఎక్కువ వ్యవస్థలలో ఈ సూచికలు రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ 1972లో ప్రచురించిన వ్యాసంలో నిరూపించిన బి-వృక్ష నిర్మాణాన్ని అనుసరిస్తాయి. కాలక్రమంలో పెరిగే విలువ అయితే కొత్త నమోదు ఎప్పుడూ వృక్షపు కుడి కొననే చేరుతుంది. ఆ పుట మెమరీలోనే ఉంటుంది కాబట్టి పని చురుకుగా సాగుతుంది. వరుసక్రమం లేని యాదృచ్ఛిక విలువ అయితే ప్రతి నమోదూ ఒక్కో మూలనున్న పుటను కోరుతుంది. నమోదు వేగాన్ని నిర్ణయించేది ప్రధానంగా ఈ భేదమే.

3. విభజన: స్వరూపం, వికాసం

విభజిత పట్టిక పైకి ఒక్కటిగా కనిపిస్తుంది. లోపల అది అనేక చిన్న పట్టికల సముదాయం. ఏ వరుస ఏ విభాగానికి చెందుతుందో నిర్ణయించే అంశాన్ని ఈ వ్యాసంలో విభజనాంశం అని వ్యవహరిస్తున్నాం. విభజన ప్రధానంగా మూడు విధాలు. తేదీల వంటి అవధులను బట్టి చేసేది అవధి విభజన. గని పేరు వంటి నిర్దిష్ట విలువలను బట్టి చేసేది జాబితా విభజన. ఒక గణిత ప్రమేయం ద్వారా వరుసలను సమంగా పంచేది హ్యాష్ విభజన.

ఒరాకిల్ 8వ సంచిక 1997లో ఈ సదుపాయాన్ని తెచ్చింది. ఎస్.క్యూ.ఎల్. సర్వర్ 2005, 2008లో స్థిరపడిన మై.ఎస్.క్యూ.ఎల్. 5.1 అదే బాట పట్టాయి. పోస్ట్‌గ్రెస్‌లో 2017 నాటి 10వ సంచికతో నేరుగా విభాగాలను ప్రకటించే పద్ధతి వచ్చింది. అంతకుముందు ప్రతి వరుసకూ ఒక ట్రిగ్గర్ పనిచేసి "ఇది ఏ పట్టికకు పోవాలి?" అని తేల్చవలసి వచ్చేది. ఆ రోజుల్లో విభజిత పట్టికలో నమోదు మామూలు పట్టికలో కంటే స్పష్టంగా నెమ్మదిగా ఉండేది. విభజన అంటే వేగమనే భావనకు చరిత్ర ఆధారం లేదని దీనివల్ల తెలుస్తుంది.

4. విభాగనిర్దేశానికి అయ్యే ఖర్చు

గనిలోకి దిగేముందు కార్మికుడు ల్యాంప్ రూం దగ్గర తన నంబరుకు చెందిన కిటికీకి వెళ్లి దీపం తీసుకుంటాడు. కిటికీలు ఎక్కువైతే వరుస చిన్నదవుతుంది, కానీ "నా కిటికీ ఏది?" అన్న వెతుకులాట ప్రతి మనిషికీ తప్పదు. విభజిత పట్టికలో కూడా ప్రతి వరుసకూ ఈ వెతుకులాట ఉంది. ఇందులో మూడు ఖర్చులను గుర్తించవచ్చు.

అ) అవధుల పట్టీలో సరైన విభాగాన్ని వెతకడం. ఇది ద్విభాజక శోధన కనుక వెయ్యి విభాగాలున్నా పది పోలికలతో తేలుతుంది. పోస్ట్‌గ్రెస్ 16వ సంచిక నుంచి అవధి, జాబితా విభజనలలో వరుసగా అనేక నమోదులు ఒకే విభాగానికి పోతుంటే, ఆ విభాగాన్నే ముందుగా పరీక్షించే ఏర్పాటు వచ్చింది. కాలక్రమంలో వచ్చే కొలతలకు ఇది చక్కగా ఉపకరిస్తుంది.

ఆ) విభాగాన్ని తెరిచి, దాని సూచికల వివరాలను సిద్ధం చేసుకోవడం. ఒకే ఆజ్ఞలో వంద వరుసలు ఒకే విభాగానికి పోతే ఈ ఖర్చు ఒక్కసారే. ఆ వంద వరుసలు ముప్పై విభాగాలకు చెదిరితే ముప్పైసార్లు.

ఇ) తాళాలు. పోస్ట్‌గ్రెస్ 12కు ముందు ఒక్క వరుసను చేర్చినా అన్ని విభాగాలకూ తాళం పడేది. 2019లో వచ్చిన 12వ సంచిక నుంచి వరుస చేరే విభాగానికే తాళం. మై.ఎస్.క్యూ.ఎల్. 5.6లోనూ ఇటువంటి సవరణే వచ్చింది. వందల విభాగాలున్న పట్టికల్లో ఒక్కొక్కటిగా చేసే నమోదుల వేగాన్ని ఈ మార్పు ఎంతో మెరుగుపరిచింది.

నేటి వ్యవస్థలలో ఈ మూడూ కలిసినా ఖర్చు స్వల్పమే. కానీ అది ఎప్పుడూ ఖర్చే, ఎన్నడూ లాభం కాదు. కనుక లాభాన్ని మరోచోట వెతకాలి.

5. లాభం ఎక్కడ ఉంది? ఒక గణన

భారతీయ బొగ్గుగనుల నిబంధనల ప్రకారం మీథేన్ ఒక వెంటిలేషన్ జిల్లా నుంచి తిరిగివచ్చే గాలిలో 0.75 శాతాన్ని, గనిలో ఏ చోటనైనా 1.25 శాతాన్ని మించరాదు. దీనిని నిరంతరం కనిపెట్టే 500 సెన్సార్లు ఉన్నాయనీ, ఒక్కొక్కటి 5 సెకన్లకు ఒక కొలత పంపుతుందనీ ఊహిద్దాం. సెకనుకు 100 వరుసలు, రోజుకు 86 లక్షల 40 వేలు, 30 రోజుల నెలకు సుమారు 26 కోట్లు, ఏడాదికి సుమారు 315 కోట్లు అవుతాయి.

ప్రతి కొలతకూ 16 బైట్ల యాదృచ్ఛిక గుర్తింపు సంఖ్య ఇచ్చి దాని మీద సూచిక కట్టారనుకుందాం. 8 కె.బి. పుటలో సగటున 200 నమోదులు పడితే, ఏడాది సూచిక సుమారు 120 జి.బి., నెల సూచిక సుమారు 10 జి.బి., ఒక రోజు సూచిక సుమారు 340 ఎం.బి. అవుతుంది.

ఇక్కడ రెండు వాదనలను విడదీసి చూడాలి. మొదటిది, విభజనతో వృక్షపు ఎత్తు తగ్గి వేగం పెరుగుతుందన్నది. పుటకు 200 చొప్పున నాలుగు అంతస్తులలో 160 కోట్ల నమోదులు ఇముడుతాయి. అంటే ఏడాది పట్టికకు ఐదు అంతస్తులు, నెల విభాగానికి నాలుగు. తగ్గినది ఒక్క అంతస్తు. పై అంతస్తులు ఎలాగూ మెమరీలోనే ఉంటాయి. కనుక ఈ వాదనకు బలం లేదు.

రెండవది మెమరీకి సంబంధించినది. సర్వర్‌లో 32 జి.బి. మెమరీ ఉందనుకుంటే, 120 జి.బి. సూచికలో యాదృచ్ఛికంగా కోరిన పుట మెమరీలో లేకపోయే అవకాశం నాలుగింట మూడు వంతులు. సెకనుకు 100 నమోదులకు సుమారు 75 సార్లు డిస్కును చదవాలి, మారిన పుటలను మళ్లీ రాయాలి. తిరిగే డిస్కు ఒకటి సెకనుకు చేయగల యాదృచ్ఛిక పనులు సుమారు 100 నుంచి 200. అంటే ఒక్క సూచికకే దాని శక్తి చాలావరకు ఖర్చయిపోతుంది. నెలవారీ విభాగాలు ఉంటే అప్పటికి నిండుతున్న 10 జి.బి. సూచిక మాత్రమే చురుకుగా ఉండి మెమరీలో ఇముడుతుంది. విభజన వల్ల నమోదుకు కలిగే అసలైన లాభం ఇదే.

ఈ లాభానికీ ఒక హద్దు ఉంది. పోస్ట్‌గ్రెస్ తనిఖీ తరువాత ఒక పుటను మొదటిసారి మార్చినప్పుడు ఆ 8 కె.బి. పుట మొత్తాన్నీ చిట్టాలోకి ఎక్కిస్తుంది. ఐదు నిమిషాల విరామంలో 30 వేల నమోదులు జరిగితే, నెల విభాగంలోని సుమారు 13 లక్షల పుటలలో అవి దాదాపు 30 వేల వేరువేరు పుటలను తాకుతాయి. మెమరీ సమస్య తీరినా చిట్టా భారం అలాగే ఉంటుంది. యాదృచ్ఛిక సంఖ్యకు బదులు కాలక్రమాన్ని పాటించే గుర్తింపు సంఖ్య వాడితే అవే 30 వేల నమోదులు నూటికి కొంచెం పైగా పుటలతో సరిపోతాయి. 2024లో ప్రమాణీకరించిన యు.యు.ఐ.డి. 7వ రూపం ఇటువంటిదే. కనుక పట్టికను విభజించే ముందు గుర్తింపు సంఖ్య స్వభావాన్ని పరీక్షించడం ఉచితం. పెక్కు సందర్భాలలో ఆ ఒక్క మార్పే సరిపోతుంది.

6. విభజనాంశం ఎంపిక: గని వారీగానా, తేదీ వారీగానా?

సంస్థాగత దృష్టితో చూస్తే పట్టికను గని వారీగా విభజించడం సహజంగా తోస్తుంది. ప్రతి గనికీ ఒక మేనేజర్, ఒక కార్యాలయం ఉన్నట్లే ఒక విభాగం కూడా ఉండాలనిపిస్తుంది. కానీ నమోదు దృష్టితో ఇది నిరుపయోగం. 20 గనులకు 20 విభాగాలు చేస్తే ఇరవై విభాగాలలోనూ ప్రతి సెకనూ కొత్త కొలతలు చేరుతూనే ఉంటాయి. ఏ విభాగమూ విశ్రాంతి తీసుకోదు. 120 జి.బి. సూచిక ఇరవై ముక్కలైనా అన్ని ముక్కలూ చురుకుగానే ఉంటాయి కనుక మెమరీకి కావలసిన మొత్తం పరిమాణం మారదు. పైగా గనులన్నీ సమానం కావు, ఒక గని మూతపడుతుంది, మరొకటి విస్తరిస్తుంది.

తేదీ వారీ విభజనలో నిన్నటి విభాగం దాదాపు నిశ్చలమవుతుంది. నేటి విభాగం మాత్రమే పెరుగుతుంది. దత్తాంశం ఏ క్రమంలో వస్తుందో, ఏ క్రమంలో పాతబడుతుందో ఆ క్రమాన్నే విభజన అనుసరించాలనేది ఇక్కడ సూత్రం. గని వారీ ప్రశ్నలకు ప్రతి విభాగంలోనూ గని, సమయం కలిపిన సూచిక చాలు.

హ్యాష్ విభజన ప్రయోజనం వేరు. అనేక లావాదేవీలు ఒకేసారి వృక్షపు కుడి కొన పుట కోసం పోటీపడినప్పుడు, ఆ పోటీని పది పదహారు కొనలకు పంచడం దీనివల్ల సాధ్యమవుతుంది. సెకనుకు 100 నమోదుల స్థాయిలో అటువంటి పోటీ ఏర్పడదు.

మరో నియమాన్ని కూడా గమనించాలి. పోస్ట్‌గ్రెస్, మై.ఎస్.క్యూ.ఎల్.లలో విభజిత పట్టిక మీద ఏ అద్వితీయ నియమం పెట్టినా అందులో విభజనాంశం చేరి ఉండాలి. ఒరాకిల్‌లో విభాగాలన్నిటికీ వర్తించే ఉమ్మడి సూచిక కట్టి ఈ నియమాన్ని తప్పించుకోవచ్చు. కానీ ఆ ఉమ్మడి సూచిక మళ్లీ 120 జి.బి.కి పెరిగి, విభజన ఇచ్చిన లాభాన్ని తీసివేస్తుంది.

7. హాజరు పట్టిక: విభజన అవసరం లేని చోటు

40 వేల మంది ఉన్న సంస్థలో రోజుకు ఒక్కొక్కరికి దిగడం, ఎక్కడం అనే రెండు నమోదులు అనుకుంటే రోజుకు 80 వేలు, ఏడాదికి 2 కోట్ల 92 లక్షలు. గ్యాస్ కొలతల పట్టిక నాలుగు రోజులలోపే ఈ సంఖ్యను దాటుతుంది. అంటే ప్రాణరక్షణకు అత్యంత కీలకమైన హాజరు పట్టికకు పరిమాణం రీత్యా విభజన అవసరమే లేదు.

అయినా పాళీ మారే వేళ హాజరు నమోదు నెమ్మదించవచ్చు. ఆ రెండు పట్టికలూ ఒకే సర్వర్‌లో ఉంటే, గ్యాస్ కొలతల విశాలమైన సూచిక మెమరీని ఆక్రమించి హాజరు పుటలను బయటకు నెడుతుంది, డిస్కు పని అంతా అదే తీసుకుంటుంది. కాబట్టి గ్యాస్ పట్టికను తేదీ వారీగా విభజించడం వల్ల వేగం పెరిగేది ఆ పట్టికకు మాత్రమే కాదు, దాని పొరుగున ఉన్న హాజరు పట్టికకు కూడా. నమోదు వేగాన్ని ఒక్క పట్టిక లక్షణంగా కాక, మెమరీని పంచుకునే పట్టికలన్నిటి లక్షణంగా చూడాలి.

ఇతర కారణాల వల్ల హాజరు పట్టికనూ విభజించదలిస్తే రాత్రి పాళీని మరవరాదు. నెల చివరి రాత్రి దిగిన మనిషి మరుసటి నెల మొదటి ఉదయం పైకి వస్తాడు. పైకి వచ్చిన సమయాన్ని విభజనాంశంగా పెడితే, దిగినప్పుడు ఆ గడి ఖాళీగా ఉంటుంది. పైకి వచ్చాక వరుసను ఒక విభాగం నుంచి తీసి మరొకదానిలో చేర్చాలి. పోస్ట్‌గ్రెస్ 11కు ముందు ఇటువంటి మార్పు దోషంగా పరిగణించబడేది. ఒరాకిల్‌లో ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి. అనుమతి ఉన్నా ఒక సవరణ స్థానంలో ఒక తొలగింపు, ఒక చేర్పు జరుగుతాయి. ఎన్నటికీ మారని "పాళీ తేదీ"ని విభజనాంశంగా తీసుకుంటే ఈ చిక్కు ఉండదు. పైకి వచ్చిన సమయం ఖాళీగా ఉన్న వరుసలకు మాత్రమే ఒక చిన్న పాక్షిక సూచిక కడితే, "ఇప్పుడు లోపల ఎవరున్నారు?" అన్న ప్రశ్నకు జవాబు వెంటనే దొరుకుతుంది.

8. విభాగం లేని రోజు, ఆలస్యంగా వచ్చిన కొలత

అవధి విభజనలో అసలైన ప్రమాదం వేగం తగ్గడం కాదు, నమోదు అసలు జరగకపోవడం. రేపటి విభాగాన్ని సృష్టించే పని ఏ కారణం చేతనైనా ఆగితే, అర్ధరాత్రి దాటిన మొదటి కొలత నుంచి ప్రతి వరుసా దోషంతో తిరస్కరించబడుతుంది. ఒరాకిల్ 11జి నుంచి ఉన్న వ్యవధి విభజన, అవసరమైన విభాగాన్ని తానే సృష్టిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో కనీసం రెండు మూడు నెలల విభాగాలను ముందే సిద్ధం చేసుకోవడం మేలు. సమయాన్ని ప్రపంచ ప్రామాణిక కాలంలో భద్రపరిచే వ్యవస్థలో విభాగం సరిహద్దు మన గడియారంలో ఉదయం 5:30కు పడుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఎక్కడా ఇమడని వరుసల కోసం అప్రమేయ విభాగం ఏర్పాటు చేయవచ్చు. కొలత పోకుండా కాపాడే గుణం దీనికుంది. అయితే అందులో వరుసలు పేరుకుపోతే, కొత్త విభాగాన్ని కలిపే ప్రతిసారీ వ్యవస్థ ఆ వరుసలన్నిటినీ పరిశీలించాలి. ఆ సేపు నమోదులు ఆగవచ్చు. కనుక అప్రమేయ విభాగం ఖాళీగానే ఉందో లేదో రోజూ చూడాలి.

భూగర్భపు కేబుల్ తెగితే, సెన్సార్ తన దగ్గర దాచుకున్న కొలతలను లైన్ పునరుద్ధరించిన తరువాత ఒక్కసారిగా పంపవచ్చు. అవి పాత విభాగాలకు పోతాయి. పాత విభాగాలను వెంటనే మూసివేసే పద్ధతి పెడితే ఈ కొలతలు పోతాయి. ప్రమాద విచారణకు అత్యవసరమయ్యేవి సరిగ్గా ఇవే కావచ్చు. ఇటువంటి కొలతలను తేదీ క్రమంలో అమర్చి గుంపులుగా చేర్చితే 4వ భాగంలో చెప్పిన ఖర్చు కూడా తగ్గుతుంది.

పాత దత్తాంశం తొలగింపులో విభజన నిర్వివాదంగా మేలు చేస్తుంది. 26 కోట్ల వరుసలను ఒక్కొక్కటిగా తుడిచే బదులు విభాగాన్ని మొత్తంగా విడదీయవచ్చు. అయితే ఆ క్షణంలో మాతృపట్టికకు గట్టి తాళం పడుతుంది. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి నమోదులను ఆపకుండా విడదీసే మార్గం ఉంది కానీ, అప్రమేయ విభాగం ఉన్న పట్టికలో అది పనిచేయదు. ఈ నిర్వహణ పనులను పాళీ మారే వేళల్లో కాక పాళీ మధ్యలో పెట్టుకోవడం వివేకం.

9. పరిశోధకులకు సూచన

విభజన మీద ప్రయోగాలు చేసే పరిశోధకులు ఖాళీ పట్టికతో మొదలుపెట్టి పది లక్షల వరుసలు చేర్చి ఫలితాలు ప్రకటించడం కద్దు. ఆ పరిమాణంలో అన్ని సూచికలూ మెమరీలోనే ఉంటాయి కనుక విభాగనిర్దేశపు ఖర్చు మాత్రమే కనిపిస్తుంది, లాభం కనిపించదు. సూచికల మొత్తం పరిమాణం మెమరీని మించిన తరువాతే కొలవాలి. సగటు వేగంతో పాటు అత్యంత నెమ్మదైన నమోదుల వ్యవధిని కూడా చూపాలి. ఒక తనిఖీ విరామంలో చిట్టా ఎంత పెరిగిందో నమోదు చేయాలి. వరుసలు ఒక్కొక్కటిగా వచ్చాయా, గుంపులుగా వచ్చాయా అన్నది స్పష్టం చేయాలి.

10. ముగింపు

ఇంతవరకు చేసిన పరిశీలన వల్ల ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

1. విభజన ప్రతి నమోదుకూ స్వల్పమైన అదనపు పనిని జోడిస్తుంది. చురుకైన సూచిక పుటలు మెమరీలో ఇమిడేలా చేసినప్పుడే అది లాభిస్తుంది.

2. కాలక్రమంలో పెరిగే గుర్తింపు సంఖ్య ఉన్న పట్టికకు నమోదు వేగం కోసం విభజన అవసరం పడదు. పాత దత్తాంశం తొలగింపు కోసం అవసరం కావచ్చు.

3. విభజనాంశం సంస్థ నిర్మాణాన్ని కాక, దత్తాంశం వచ్చే క్రమాన్ని, పాతబడే క్రమాన్ని అనుసరించాలి.

4. ఒక పట్టిక విభజన ఫలితం పొరుగు పట్టికల మీద కూడా ఉంటుంది. గ్యాస్ కొలతలను సరిగా విభజిస్తే హాజరు నమోదు తేలికపడుతుంది.

5. ముందుగా సృష్టించని విభాగం నెమ్మదైన విభాగం కంటే ప్రమాదకరం.

గని రిజిస్టరు ఏ క్షణంలోనైనా లోపలివారి పేర్లు చూపాలన్న చట్టం కాగితపు పుస్తకాల కాలం నాటిది. పుస్తకం స్థానంలో పట్టిక వచ్చినా ఆ బాధ్యత మారలేదు. వేగం గురించిన ప్రతి నిర్ణయాన్నీ ఆ బాధ్యతతో సరిచూసుకోవడం డేటాబేస్ రూపకర్త కర్తవ్యం.